పరీక్ష ముందు రాత్రి ఇత్తడి గిన్నెలు

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. గుంటూరు జిల్లాలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. 2018 డీఎస్సీలో అరమార్కు తేడాతో పోస్టు పోయింది. 2024 టెట్‌లో 150కి 121 వచ్చాయి. 2025 మెగా డీఎస్సీకి చదువుకోమని మా వారు సెలవు పెట్టి పాపను చూసుకున్నారు, అత్తయ్యగారు ఊరి నుంచి వచ్చి వంట చేసిపెట్టారు. నేనేమో సగం సిలబస్ కూడా తిరగేయలేదు. పరీక్ష ముందు రాత్రి అటక మీది ఇత్తడి సామాను దించి, చింతపండు పెట్టి ఒంటిగంట దాకా తోముతూ కూర్చున్నాను. ఉదయం గుర్తింపు కార్డు ఇంట్లో మరిచిపోయాను. లోపలికి రానివ్వలేదు. ఆటోలో తిరిగి వస్తుంటే ఏడుపు కంటే ముందు ‘హమ్మయ్య’ అనిపించింది. ఆ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో అందరూ ‘నీ తెలివికి ఉద్యోగం ఎంతసేపు’ అని ధైర్యం చెబుతున్నారు. నా వేలితో నా కన్నే ఎందుకు పొడుచుకుంటున్నాను?
- ఒక సోదరి

జవాబు: అమ్మా, మీరు రాసినదాంట్లో నేను రెండుసార్లు చదివింది ఆ ‘హమ్మయ్య’నే. బద్ధకస్తురాలు ఒంటిగంట దాకా బిందెలు తోమదు. కాబట్టి నాది బద్ధకమేమో అన్న అనుమానం ఉంటే, ముందు అది వదిలేయండి. కార్డు కావాలనే మరిచిపోయారని కూడా నేను అనను. నిద్ర లేని మనిషికి ఉదయం ఏదో ఒకటి గుర్తుండదు, అంతే. తేలాల్సింది ఆ రాత్రి సంగతి.

2018లో మీరు నిజంగా చదివారు, నిజంగా రాశారు, అరమార్కుతో పోయింది. ఆ దెబ్బ తగిలాక ‘నీ తెలివికి ఎంతసేపు’ అన్న మాట వినడానికి తీపిగానే ఉంటుంది కానీ మోయడానికి బరువు. మళ్లీ పూర్తిగా చదివి, మళ్లీ పోతే ఆ మాట ఏమవుతుంది? చదవకుండా పోతే మాత్రం దానికి ఏమీ కాదు. ‘చదివి ఉంటే వచ్చేదే’ అని ఇంట్లోవాళ్లు అంటారు, మీరూ అనుకోవచ్చు. ఆటోలో మీకు కలిగిన హాయి ఉద్యోగం తప్పినందుకు కాదు, ఆ మాట దక్కినందుకు. మన ఇళ్లల్లో ‘వీడికి తెలివుంది కానీ కూర్చోడు’ అని పిల్లల ఎదుటే గర్వంగా చెప్పుకుంటాం చూడండి, ఆ పిల్లాడు కూర్చోకపోవడానికి సగం కారణం ఆ పొగడ్తే అని నా అనుభవం.

1978లో స్టీవెన్ బెర్గ్లాస్, ఎడ్వర్డ్ జోన్స్ అనే అమెరికన్ మనస్తత్వవేత్తలు కాలేజీ విద్యార్థులకు కొన్ని ప్రశ్నలు ఇచ్చారు. కొందరికి ఇచ్చినవాటిలో చాలావాటికి అసలు జవాబే లేదు. అయినా బాగా చేశారని మెచ్చుకున్నారు. ఇంకో పరీక్ష ఉందని చెప్పి రెండు మందులు చూపించారు: ఒకటి బుర్రను చురుకు చేసేది, రెండోది మందగింపజేసేది. తాము ఎలా గెలిచామో తమకే తెలియని ఆ విద్యార్థుల్లో, ముఖ్యంగా అబ్బాయిల్లో, ఎక్కువమంది మందగించేదే అడిగారు. రేపు ఓడిపోతే మందు మీదికి నెట్టేయవచ్చు కదా. మీరు మందుకు బదులు చింతపండు వాడారు.

మీరు లెక్కల టీచరు. పిల్లాడు లెక్క తప్పితే అతని కాగితం తీసి ఏ మెట్టు దగ్గర జారాడో చూస్తారు. మీ 2025 కాగితం ఖాళీ. అందులో వెతకడానికి తప్పు కూడా లేదు. అందుకని వచ్చే నోటిఫికేషన్ దాకా ఆగకుండా ఈ ఆదివారమే ఒక పాత ప్రశ్నపత్రం ముందు పెట్టుకుని, గడియారం పెట్టి పూర్తిగా రాయండి. ఏమీ చదవకుండానే రాయండి. ‘కొంచెం తిరగేసి రాస్తాను’ అన్నారో, అది ఇత్తడి గిన్నెల చెల్లెలే. తక్కువ మార్కులు వస్తాయి, వచ్చాక కూడా సాయంత్రం పాపకు అన్నం పెడతారు, సోమవారం బడికి వెళతారు. అలా పది ఆదివారాలు గడిస్తే డీఎస్సీ పదకొండో పరీక్ష అవుతుంది.

గిన్నెలు పిలిచినప్పుడు ఏం చేయాలో కూడా ముందే రాసి పెట్టుకోండి: ‘అటక వైపు చూపు పోతే, ముందు పది బిట్లు చేసి అప్పుడు నిచ్చెన వేస్తాను.’ ‘ఈసారి గట్టిగా చదువుతాను’ అన్న ఒట్టు కంటే ఇలా ఫలానాది జరిగితే ఫలానాది చేస్తాను అని కట్టుకున్న చిన్న ఏర్పాటు నిలబడుతుందని పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వవేత్త ఏళ్ల తరబడి చేసిన పరిశోధనల్లో తేలింది. జరిగినదానికి మిమ్మల్ని మీరు తిట్టుకోవడం మానండి. ఇది ఓదార్పు కోసం అంటున్న మాట కాదు. మొదటి పరీక్షకు చదువు వాయిదా వేసినందుకు తమను తాము క్షమించుకున్న విద్యార్థులు తర్వాతి పరీక్షకు తక్కువగా వాయిదా వేశారని 2010లో కెనడాలో జరిగిన అధ్యయనం చెప్పింది.

ఇంకొకటి, మీరు అడగనిది. ఈ ఉద్యోగం మీకు కావాలా, మీరు తెచ్చుకోవాలని చుట్టూ ఉన్నవాళ్లకు ఉందా? దూరపు మండలంలో పోస్టింగ్ వస్తే పాప సంగతేమిటన్న భయం కూడా ఆ ‘హమ్మయ్య’లో ఉండవచ్చు. అదే అయితే అది భార్యాభర్తలు కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం. అందుకోసం పరీక్షలో ఓడిపోనక్కర్లేదు. వద్దనుకుంటే దరఖాస్తు చేయకండి, అందులో అవమానం లేదు.

పరీక్ష మాట వస్తేనే గుండె దడ, వరసగా నిద్రలేని రాత్రులు, దేని మీదా ఆసక్తి లేకపోవడం ఉంటే 14416కి ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ సేవ, ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఆటోలో ఏమనిపించిందో మీ వారికి చెప్పండి. సెలవు పెట్టిన మనిషి కదా, మొదట కాస్త నొచ్చుకుంటారు. ‘నీ తెలివికి ఎంతసేపు’ అనడం మాని, ఆదివారం పేపరు రాశావా అని మాత్రం అడగమనండి. మొదటి పేపరు మార్కులు ఎన్నయినా సరే, ఆయనకు చూపించండి. అత్తయ్యగారికి మాత్రం ఇప్పుడే వద్దు.