ఇంజన్ దించే ముందు ఆ శబ్దం ఎప్పుడు వస్తోందో చూడండి

‘పాత డీజిల్ పికప్, బండి నిలిపి స్లోలో పెడితే టకటకా కొడుతోంది, గ్యారేజ్‌లో బిగ్ ఎండ్ బేరింగ్ పోయింది, ఇంజన్ దించాలి అంటున్నారు, ఒప్పుకోవాలా?’ అని అడిగారు. ఇప్పుడే ఒప్పుకోకండి. బిగ్ ఎండ్ అంటే పిస్టన్ కడ్డీ కింది చివర, ఇంజన్‌ని తిప్పే క్రాంక్‌ని పట్టుకునే చోటు. బానెట్ ఎత్తి రెండు నిమిషాలు విని ‘ఇంజన్ పని’ అనేవాళ్ల మాట మీద డబ్బు పెట్టొద్దు. బెంగళూరులో పళ్ల హోల్‌సేల్ వ్యాపారం మాది. పాత పికప్ మీదే ఇల్లు గడుస్తోంది కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

మామిడి సీజన్‌లో మా బండి శ్రీనివాసపురం నుంచి లోడుతో వస్తోంది. కోలార్ దాటాక శబ్దం మొదలైంది. డ్రైవర్ కుర్రాడు హోస్కోటె దగ్గర ఒక గ్యారేజ్‌లో ఆపి ఫోన్ చేశాడు. ‘అన్నా, బిగ్ ఎండ్ పోయిందంట, ఇంకో పది కిలోమీటర్లు పోతే ఇంజన్ సీజ్ అవుతాదంట’ అన్నాడు. గొంతు వణుకుతోంది. నేను వెళ్లేసరికి ఆ గ్యారేజ్ వాళ్లు ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే సంప్ కింద ట్రే కూడా పెట్టేశారు. బండి నిండా బెంగళూరా కాయలు, పైన టార్పాలిన్, లోపల వేడి. కాయ అలా కప్పి ఉంటే గంటగంటకూ మెత్తబడుతుంది. ఆ టెన్షన్‌లో ఎవరైనా ‘సరే, విప్పండి’ అనేస్తారు. ముందు ఇంకో బండి పిలిపించి లోడు మార్పించాను. తర్వాత ముళబాగిలు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన ఒక ముసలి మెకానిక్ భాయ్‌కి ఫోన్ చేశాను.

భాయ్ వచ్చాక స్పానర్ ముట్టుకోలేదు. డ్రైవర్‌ని పక్కన కూర్చోబెట్టుకుని అడగడం మొదలుపెట్టాడు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు వచ్చిందా, వేడెక్కాకా? ఎక్కుడులో ఎక్కువైందా, దిగుడులోనా? ఆయిల్ లైట్ వెలిగిందా? పొగ ఏ రంగులో వచ్చింది? కుర్రాడు ఆలోచించి చెప్పాడు. శబ్దం ఒక్కసారిగా మొదలైంది, లైట్ వెలగలేదు, నల్ల పొగ కక్కుతోంది. అప్పుడు భాయ్ ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ తీసి ఆయిల్‌ను రెండు వేళ్ల మధ్య రుద్ది ఎండలో పట్టి చూశాడు. తళుకు లేదు. బేరింగ్ అరిగిపోతే సన్నటి లోహపు పొడి ఆయిల్‌లో మెరుస్తుంది.

‘ఏమప్పా, స్టార్ట్ చెయ్, యాక్సిలేటర్ ముట్టొద్దు’ అన్నాడు. ఇంజన్ స్లోలో ఉండగా, సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లకు వెళ్లే ఇనుప పైపుల నట్లు ఒక్కొక్కటే కాస్త వదులు చేసి మళ్లీ బిగించాడు. వదులు చేస్తే ఆ సిలిండర్‌కి డీజిల్ అందదు, ఇంజన్ కాస్త కుంటుతుంది. ఒకటి, రెండు వదులు చేస్తే శబ్దం అలాగే ఉంది. మూడోది వదులు చేయగానే ఠక్కున ఆగిపోయింది. పక్కనే నిలబడ్డ గ్యారేజ్ ఓనర్ ‘నేను చెప్పిందే కదా, మూడో సిలిండర్ బిగ్ ఎండ్’ అన్నాడు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఆ సిలిండర్‌లో డీజిల్ మండకపోతే బేరింగ్ మీద దెబ్బ తగ్గుతుంది కాబట్టి బేరింగ్ శబ్దమైనా తగ్గుతుంది, ఇంజెక్టర్ శబ్దమైనా పోతుంది. ఈ పరీక్ష సిలిండర్ ఏదో చెబుతుంది గానీ జబ్బు ఏదో చెప్పదు.

భాయ్ ఇంజన్ ఆపి మూడో ఇంజెక్టర్, ఒకటో ఇంజెక్టర్ విప్పి, కొత్త రాగి వాషర్లు వేసి, ఒకదాని చోట ఇంకోటి పెట్టాడు. మళ్లీ స్టార్ట్ చేస్తే అదే టకటక. మూడో నట్ వదులు చేస్తే శబ్దం తగ్గలేదు. ఒకటో నట్ వదులు చేస్తే ఆగిపోయింది. భాయ్ గ్యారేజ్ ఓనర్ వైపు చూసి ‘బేరింగ్ మూడు నుంచి ఒకటికి నడుచుకుంటా పోదు గదప్పా’ అన్నాడు. ఆ ఇంజెక్టర్‌ను డీజిల్ పంప్ షాపుకి తీసుకెళ్లి టెస్టర్ మీద పెడితే మంచులా చిమ్మాల్సిన డీజిల్ చుక్కలుగా కారుతోంది. అలా కారిన డీజిల్ సమయానికి సన్నగా మండదు, పోగుపడి ఒక్కసారిగా అంటుకుంటుంది. ఆ దెబ్బ పిస్టన్ మీద పడితే తొందరలో వినేవాళ్లకి అది బేరింగ్ శబ్దంలాగే అనిపిస్తుంది. ఇంజెక్టర్ కొనన డీజిల్ చిమ్మే నాజిల్ మార్చారు. ఇంజన్ పనికి గ్యారేజ్ చెప్పిన దాంట్లో పదో వంతు కూడా ఖర్చు కాలేదు.

అందుకే చెబుతున్నాను, శబ్దం ఎక్కడ నుంచి వస్తోందో ముందే వెతకొద్దు. ఇంజన్ అంతా ఒకే ఇనుము, ఒక మూల కొట్టింది ఇంకో మూల వినిపిస్తుంది. ఎప్పుడు వస్తోందో చూడండి. పొద్దున చల్లటి ఇంజన్‌లో టిక్ టిక్ అని వచ్చి వేడెక్కాక తగ్గితే ముందు ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ గ్యాస్కెట్, అంటే పొగ గొట్టం ఇంజన్‌కి కలిసే చోట ఉండే పట్టీ చూడండి. లీకు ఉన్నచోట నల్లటి మసి గీత కనిపిస్తుంది. వేడికి ఇనుము సాగి సందు మూసుకుంటుంది కాబట్టి శబ్దం తగ్గుతుంది. దీన్ని ట్యాపెట్ (వాల్వ్‌ల సందు) శబ్దం అనుకుని సెట్టింగ్ చేయించి, తగ్గలేదని హెడ్ విప్పించినవాళ్లు మా మార్కెట్‌లోనే ఉన్నారు. న్యూట్రల్‌లో గుర్రుమంటూ, క్లచ్ తొక్కగానే ఆగిపోతే అది గేర్‌బాక్స్ బేరింగ్. క్లచ్ తొక్కినప్పుడే వస్తే క్లచ్‌లోని రిలీజ్ బేరింగ్. ఈ రెంటికీ ఇంజన్‌తో సంబంధమే లేదు. వాన పడ్డ పొద్దున కీచుమంటే బెల్ట్. ఇంకా అనుమానం ఉంటే బెల్ట్ తీసేసి అర నిమిషం మాత్రం ఇంజన్ నడపండి. శబ్దం పోతే తప్పు డైనమోదో వాటర్ పంప్‌దో. ఎక్కువసేపు నడపొద్దు, నీళ్లు తిరగవు.

నిజంగా బిగ్ ఎండ్ పోతే వచ్చే శబ్దం వేరు. లోపలి నుంచి బరువుగా కొట్టినట్టు ఉంటుంది. లోడు పడితే పెరుగుతుంది, వేడెక్కి ఆయిల్ పలచబడితే ఇంకా పెరుగుతుంది, చివరికి స్లోలో ఆయిల్ లైట్ మిణుకుమంటుంది. ఆయిల్ ఫిల్టర్‌ను కోసి తెరిచి మడతలు చూస్తే లోహపు రేకులు దొరుకుతాయి. ఇవి కనిపిస్తే మాత్రం ఒక్క కిలోమీటర్ కూడా నడపకండి, టోయింగ్ పిలవండి. అక్కడ నడిపితే క్రాంక్ కూడా పోతుంది.

ఇంకో మాట. శబ్దాన్ని ఫోన్‌లో రికార్డ్ చేసి వాట్సాప్‌లో పంపి ‘అన్నా ఏంటిది’ అని అడగడం ఈ మధ్య ఎక్కువైంది. నాకూ రోజూ వస్తుంటాయి. ఫోన్ చిన్న స్పీకర్‌లో బరువైన శబ్దాలు రానే రావు, మెసేజ్‌లో పంపితే ఉన్నది కూడా నలిగిపోతుంది. అది విని జబ్బు చెప్పేవాడు ఊహించి చెబుతున్నట్టే. అంతకన్నా పొడవాటి స్క్రూడ్రైవర్ కొనను ఇంజన్ మీద ఆనించి పిడిని చెవి దగ్గర పెట్టుకోండి. ఫ్యాన్‌కీ బెల్ట్‌కీ దూరంగా ఉండండి, మెడలో గొలుసు, వదులు చొక్కా వద్దు.

ఆయిల్ సంగతి కూడా చెప్పాలి. చాలామంది ఓనర్లు ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) దగ్గరపడినప్పుడే ఇంజన్ వైపు చూస్తారు. ఎనిమిదేళ్లు దాటిన కమర్షియల్ బండికి ఏటా ఎఫ్‌సీ ఉంటుంది కాబట్టి అప్పుడు పెయింట్, లైట్లు, రిఫ్లెక్టర్ స్టిక్కర్లు మారుస్తారు. ఆయిల్ మాత్రం అడుగంటే దాకా ఆగుతారు, తర్వాత బాటిల్ మీద ఏముందో చూడకుండా పోస్తారు. మా ఇంజన్‌కి కంపెనీ పుస్తకంలో రాసిన ఆయిల్ చిక్కదనం గ్రేడ్ 15డబ్ల్యూ-40. మైలేజ్ పెరుగుతుందని పలచటి కారు ఆయిల్ పోస్తే పాత బేరింగ్‌లు మోతమోగక ఏం చేస్తాయి?

నట్ వదులు చేసే పరీక్ష మాత్రం పాత రకం పంప్ ఉన్న ఇంజన్లకే. మీ బండి కామన్ రైల్ (ఇంజెక్టర్లన్నిటికీ ఒకే ఒత్తిడి పైపు నుంచి డీజిల్ అందించే కొత్త రకం) అయితే చెయ్యి పెట్టొద్దు. ఆ పైపుల్లో ఒత్తిడి 1000 బార్ కూడా దాటుతుంది. కారు టైరులో ఉండేది రెండు బార్‌కు కాస్త ఎక్కువ, అంతే. సన్నటి చీలిక నుంచి వచ్చే డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది, చెయ్యి తీసేయాల్సి వచ్చేంత ప్రమాదం. ఆ బండికి స్కానర్ ఉన్న చోట ఒక్కో ఇంజెక్టర్ కరెక్షన్ విలువలు, అంటే ఇంజన్ సమంగా నడవడానికి కంప్యూటర్ ఒక్కోదానికి డీజిల్ ఎంత పెంచుతోందో తగ్గిస్తోందో చూపించమనండి. మామూలు పంప్ బండికైనా గుడ్డ కప్పి, వేళ్లు దూరంగా పెట్టి చేయాలి.

మీరు రేపు పొద్దున ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, వేడెక్కే దాకా పక్కనే నిలబడి, శబ్దం పెరిగిందా తగ్గిందా, క్లచ్ తొక్కితే ఏమైంది, పొగ ఏ రంగులో వచ్చింది, ఆయిల్ లైట్ ఏం చేసింది, అన్నీ కాగితం మీద రాసుకుని ఆ గ్యారేజ్‌కి తీసుకెళ్లండి. ఇంజెక్టర్లు అటూ ఇటూ మార్చి చూస్తారా అని అడగండి. కుదరదంటే బండి తెచ్చుకుని ఇంకో గ్యారేజ్‌కి వెళ్లండి.