నాన్నకి పక్షవాతం, సిటిజన్‌షిప్ అప్లికేషన్‌కి ఇంకా మూడు నెలలు: ఉద్యోగం మానేసి వెళ్లిపోవాలా?

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లె. నాకు 42 ఏళ్లు. న్యూజెర్సీలో మావారు, పదకొండేళ్ల బాబుతో ఉంటున్నాను. 2018 నుంచి ఉద్యోగం చేస్తున్నాను. 2021 డిసెంబరులో గ్రీన్ కార్డు వచ్చింది. ఆ తర్వాత నాలుగుసార్లు ఇండియా వచ్చాను, అన్నీ కలిపి 150 రోజులు. ఈ ఫిబ్రవరిలో నాన్నకి పక్షవాతం వచ్చింది. మాట తేరుకుంది కానీ కుడి చెయ్యి, కాలు పని చేయడం లేదు. అమ్మ ఒక్కతే చూసుకుంటోంది. నేను ఒక్కదాన్నే సంతానం. ఉద్యోగం మానేసి రెండేళ్లు అక్కడే ఉండాలనుంది. అలా వెళ్తే గ్రీన్ కార్డు పోతుందంటున్నారు. సిటిజన్‌షిప్ తీసుకుంటే నాన్న మూడెకరాలు నాకు రావని మా బాబాయి అంటున్నారు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: నాన్నగారా, సిటిజన్‌షిప్పా అని మీరు నలిగిపోతున్నారు. మీ తేదీలు చూశాక నాకు అలా అనిపించలేదు. రెండిట్లో ఏదీ వదులుకోనక్కర్లేదు, ఏది ముందు ఏది వెనక అన్నదే తేల్చుకోవాలి. రెండేళ్లు నిశ్చింతగా తెనాలిలో ఉండాలంటే మీకు పనికొచ్చేది సిటిజన్‌షిప్పే. కాబట్టి నాన్నగారి దగ్గరికి వెంటనే వెళ్లండి, కానీ రాజీనామా ఇచ్చి కాదు, సెలవు పెట్టి వెళ్లండి.

ఆ సెలవుకి చట్టం ఉంది. ఎఫ్ఎంఎల్ఏ (ఫ్యామిలీ అండ్ మెడికల్ లీవ్ యాక్ట్) అంటారు. మీ కంపెనీలో కనీసం 50 మంది ఉండి, మీరు ఏడాదికి పైగా పని చేసి, గత 12 నెలల్లో 1,250 గంటలు నిండి ఉంటే, తల్లిదండ్రుల తీవ్ర అనారోగ్యానికి ఏడాదిలో 12 వారాల సెలవు మీ హక్కు. జీతం రాదు, కానీ ఉద్యోగమూ ఆరోగ్య బీమా కూడా నిలుస్తాయి. అవసరాన్ని బట్టి విడతలుగానూ వాడుకోవచ్చు. నాన్నగారికి వైద్యం చేస్తున్న డాక్టరు సర్టిఫికెట్ కావాలి. న్యూజెర్సీలో దీనికి తోడు ఫ్యామిలీ లీవ్ ఇన్సూరెన్స్ అని ఉంది. అర్హత ఉంటే సగటు వారం జీతంలో 85 శాతం, ఒక గరిష్ఠ పరిమితి దాకా ఇస్తారు. దాని కోసం మీ జీతంలోంచి కొంత కోత పడుతూనే ఉంది, అప్లై చేయడానికి మొహమాటపడకండి.

ఇక రోజుల లెక్క. సిటిజన్‌షిప్‌కి గ్రీన్ కార్డు వచ్చి అయిదేళ్లు నిండాలి. మీకు నిండేది డిసెంబరులో. దానికి 90 రోజుల ముందే, అంటే సెప్టెంబరులోనే, సిటిజన్‌షిప్ అప్లికేషన్ (ఫారం ఎన్-400) వేయొచ్చు. ఆన్‌లైన్‌లో ఫీజు 710 డాలర్లు. అయిదేళ్లలో 913 రోజులు అమెరికాలో ఉండాలన్న నియమం మీకు సమస్యే కాదు. అసలు జాగ్రత్త పడాల్సింది ఒక్కో ట్రిప్పు ఎంతకాలం అన్నదాని మీద. ఏ ట్రిప్పూ ఆరు నెలలు దాటకూడదు. దాటితే అమెరికాలో మీ నిరంతర నివాసం తెగిపోయినట్టు భావిస్తారు. తెగలేదని ఇల్లు, కుటుంబం, ఉద్యోగం చూపించి నిరూపించుకునే భారం మీ మీద పడుతుంది. ఏడాది దాటితే నిజంగానే తెగిపోతుంది. తిరిగొచ్చాక మళ్లీ నాలుగేళ్ల ఒక రోజు ఆగాలి. రీఎంట్రీ పర్మిట్, అంటే ఎక్కువ కాలం బయట ఉండి తిరిగి రావడానికి ముందే తీసుకునే అనుమతి, ఉంటే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. అది రెండేళ్ల దాకా గ్రీన్ కార్డుని కాపాడుతుంది కానీ సిటిజన్‌షిప్ లెక్కని కాపాడదు.

ఇప్పుడు పది వారాలు వెళ్లి, సెప్టెంబరుకి వచ్చి అప్లికేషన్ వేయండి. తర్వాత కూడా వెళ్లిరావచ్చు. వేలిముద్రలకి, ఇంటర్వ్యూకి, ప్రమాణానికి మాత్రం అమెరికాలో ఉండాలి. ప్రమాణం అయ్యేదాకా ఆరు నెలల జాగ్రత్త అలాగే ఉంటుంది. అయ్యాక మాత్రం రెండేళ్లు కాదు, అయిదేళ్లు తెనాలిలో ఉన్నా తిరిగి రానివ్వరేమోనన్న భయం ఉండదు.

మీ ఉత్తరంలో లేని విషయం ఒకటి చెప్పాలి. అమెరికా సోషల్ సెక్యూరిటీ పింఛను సొంతంగా రావాలంటే 40 క్రెడిట్లు (సంపాదనను బట్టి జమయ్యే పాయింట్లు) ఉండాలి. ఏడాదికి నాలుగే వస్తాయి. 2018లో మొదలుపెట్టారు కాబట్టి ఈ ఏడాది చివరికి మీకు 36 అవుతాయి. అక్కడితో ఆగిపోతే ఇన్నేళ్లూ కట్టిన దానికి మీ పేరున పింఛను రాదు. రెండు దేశాల సర్వీసుని కలిపి లెక్కించే ఒప్పందం ఇండియాకీ అమెరికాకీ మధ్య లేదు. మీవారి రికార్డు మీద భార్యకి వచ్చే వాటా వేరే సంగతి. కానీ నాలుగు క్రెడిట్ల దూరంలో సొంత హక్కుని వదులుకోవడం నాకు మనస్కరించదు. క్రెడిట్‌కి 2026లో 1,890 డాలర్ల సంపాదన చాలు, ఏటా కొంచెం పెరుగుతుంది. అంటే వచ్చే ఏడాది కొన్ని వారాల జీతంతోనే ఆ మొత్తం దాటుతుంది, పార్ట్‌టైమ్ అయినా సరే. సోషల్ సెక్యూరిటీ వెబ్‌సైట్లో లాగిన్ అయి మీ క్రెడిట్లు ఒకసారి చూసుకోండి.

పొలం విషయంలో మీ బాబాయి గారు పొరబడ్డారు. అమెరికా పౌరసత్వం తీసుకుంటే భారత పౌరసత్వం పోతుంది, అది నిజం. ఇండియా 1955 పౌరసత్వ చట్టం రెండు పౌరసత్వాలని ఒప్పుకోదు. అయినా ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతి వాళ్లకి ఇండియా ఇచ్చే కార్డు) ఉన్నవాళ్లు వ్యవసాయ భూమిని వారసత్వంగా పొందొచ్చు. కొనడానికే వీల్లేదు. నిజానికి ఎన్నారైగా ఇప్పుడు కూడా మీరు పొలం కొనలేరు. తర్వాత అమ్మాలనుకుంటే ఇండియాలో నివసించే భారత పౌరులకే అమ్మాలి. వారసత్వంగా వచ్చిన ఆస్తి విలువ లక్ష డాలర్లు దాటితే అమెరికాలో ఫారం 3520లో తెలపాలి. అది సమాచారం ఇవ్వడమే, పన్ను కాదు.

మీరు వెళ్లినప్పుడు నాన్నగారి చేత వీలునామా రాయించండి. ఇలా అడగడం కష్టమే, నాకు తెలుసు. కానీ ఆయన మాట స్పష్టంగా ఉన్నప్పుడే ఈ పని జరగాలి. ఆయన కదల్లేకపోతే కారణం రాసి దరఖాస్తు పెడితే సబ్ రిజిస్ట్రార్ ఇంటికే వచ్చి రిజిస్టర్ చేసే వీలు చట్టంలో ఉంది. బ్యాంకు ఖాతాల్లో అమ్మగారి పేరు కూడా చేర్చి, ఎవరో ఒకరు తీసుకునే పద్ధతిలో పెట్టించండి. పవర్ ఆఫ్ అటార్నీ ఉంది కదా అని ఆగిపోవద్దు, ఇచ్చిన మనిషి పోతే అదీ చెల్లదు.

ప్రమాణం చేసిన రోజు నుంచి ఓసీఐ చేతికి వచ్చేదాకా ఒక ఖాళీ ఉంటుంది. పాత ఇండియన్ పాస్‌పోర్టు మీద ప్రయాణం చేయకూడదు, దాన్ని సరెండర్ చేయాలి. కాబట్టి అమెరికా పాస్‌పోర్టు త్వరగా వచ్చే పద్ధతిలో అప్లై చేయండి. ఓసీఐ ఆలస్యమైనా ఈలోపు ఇండియా ఈ-వీసా మీద వెళ్లొచ్చు. నాన్నగారి పరిస్థితి దృష్ట్యా ఇది మీకు చాలా ముఖ్యం.

మీవారితో కూర్చుని ఒక మాట తేల్చుకోండి. రెండు మూడేళ్లలో ముగ్గురూ శాశ్వతంగా ఇండియా వచ్చేయాలని ఉందా? ఉంటే నా సలహా మారుతుంది. సిటిజన్ అయ్యాక ఎక్కడున్నా ఏటా అమెరికా పన్ను రిటర్ను వేయాలి, తెనాలి బ్యాంకు వడ్డీ కూడా చూపించాలి. గ్రీన్ కార్డు మీద ఇప్పుడూ అంతే, కాకపోతే దాన్ని వదులుకోవడం కొంత తేలిక.

ఈలోపు నాన్నగారికి మళ్లీ ఏమైనా అయితే ఈ తేదీలేవీ చూడకండి, బయల్దేరండి. అక్కడ ఎక్కువ కాలం ఉండాల్సి వస్తుందనిపిస్తే విమానం ఎక్కేముందు ఐ-131 వేయండి. రీఎంట్రీ పర్మిట్ కోసం అది అమెరికాలో ఉండగానే వేయాలి. సిటిజన్‌షిప్ నాలుగేళ్లు వెనక్కి పోతే పోనివ్వండి.