పొడి ఎండా, ఉక్కపోతా? నా ఓటు ఎండకే

"40 డిగ్రీల పొడి వేడి నయమా, 33 డిగ్రీల ఉక్కపోత నయమా?" అని అడిగారు. రెండు రకాల ఊళ్లలోనూ ఉద్యోగం వెలగబెట్టినవాణ్ణి కాబట్టి మొహమాటం లేకుండా చెప్తున్నా, పొడి ఎండే నయం. నీడ, నీళ్లు దొరికితే దాంతో ఎలాగోలా నెట్టుకు రావచ్చు. ఉక్కపోత నీడలోకి కూడా వెంటపడి వస్తుంది.

సముద్రం పక్క ఊరికి బదిలీ అయిన కొత్తలో నా రూమ్మేట్ పొడి ప్రాంతం నుంచి తన ఎయిర్ కూలర్‌ని లారీలో వేయించుకుని మరీ తెచ్చాడు. దీని ముందు ఏసీ ఎందుకూ పనికిరాదని ఒకటే గొప్పలు. ఆ రాత్రి కిటికీలన్నీ బిగించి కూలర్ ఆన్ చేశాడు. కాసేపు బాగానే ఉంది. అర్ధరాత్రికి దుప్పటి చెమ్మగిల్లింది, టేబుల్ మీద నోట్‌బుక్ కాగితాలు మెత్తబడి వంకర్లు తిరిగాయి, నేల మీద కాలు పెడితే జిగట. లేచి చన్నీళ్లు పోసుకుని ఒళ్లు తుడుచుకుంటుంటే తువ్వాలు తడుస్తున్నది నీళ్లకో చెమటకో తెలియలేదు! చివరికి కిటికీలు బార్లా తెరిచి, కూలర్‌లో నీళ్లు పారబోసి, దాన్ని ఉత్త ఫ్యాన్‌లా వాడుకున్నాం. ఆ మహానుభావుడు మాత్రం పంపు పాడైందనే వాదించాడు. పంపు భేషుగ్గా ఉంది, ఆ గాలిలోనే ఇంకాస్త నీటికి చోటు లేదు.

ఒంటికీ ఇదే తంటా. చెమట పట్టినందుకు కాదు, ఆ చెమట ఆరినందుకు మనం చల్లబడతాం. చెమట పట్టిన ఒంటికి బదులు తడిగుడ్డ చుట్టిన థర్మామీటర్‌ని గాలికి పెట్టి చూస్తే, 40 డిగ్రీల ఎండలో తేమ 15 శాతమే ఉన్నప్పుడు అది దాదాపు 20కి దిగుతుంది. అదే 33 డిగ్రీలకు 70 శాతం తేమ తోడైతే 28 దగ్గరే ఆగిపోతుంది. మరి వార్తల్లో చెప్పేది గరిష్ఠ ఉష్ణోగ్రత ఒక్కటే, అది చూసి పొడి ఊళ్ల చుట్టాలు "33కే ఇంత గోలా" అని ఫోన్‌లో నవ్వుతారు. ఒక్క రాత్రి వచ్చి పడుకుంటే తెలుస్తుంది. పొడి ఊళ్లో పొద్దు గుంకాక గాలి చల్లబడుతుంది, ఇక్కడ గాలిలోని ఆవిరి వేడిని పోనివ్వదు.

పొడి ఎండ మంచిదేమీ కాదు. పెదాలు పగులుతాయి, ముక్కులోంచి రక్తం వస్తుంది, చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది కాబట్టి ఒంట్లో నీళ్లు ఎంత పోయాయో తెలియదు, దాహం వేసేదాకా ఆగితే వడదెబ్బ ముప్పే. పైగా గాలి ఒంటికంటే బాగా వేడెక్కాక ఫ్యాన్ పొయ్యి దగ్గర గాలి విసిరినట్టే ఉంటుంది. అయినా బాటిల్ చేతిలో ఉంచుకుంటే వీటిలో చాలావాటికి విరుగుడుంది, తేమకి నేను చేయగలిగింది బిల్లు కట్టి ఏసీ వేయడమే.

ఊరు మారే ఆలోచనతో అడుగుతున్నట్టయితే తేమ శాతం చూసి మోసపోకండి. తెల్లవారుజామున అది ఎక్కడైనా పెరుగుతుంది, మధ్యాహ్నానికి దిగుతుంది. వాతావరణం యాప్‌లో డ్యూ పాయింట్ అని ఉంటుంది, అంటే గాలి ఎన్ని డిగ్రీలకు చల్లబడితే అందులోని ఆవిరి నీటి బొట్లుగా మారడం మొదలవుతుందో ఆ లెక్క; గాలిలో ఆవిరి ఎక్కువయ్యేకొద్దీ అది పెరుగుతుంది, అది చూడండి. 16 డిగ్రీల లోపు ఉంటే నిశ్చింతగా వెళ్లండి. వేసవంతా 24 పైనే ఉంటే మాత్రం అద్దె మాట్లాడేటప్పుడే ఏసీ సంగతి తేల్చుకోండి.