హెచ్-4 మీద వచ్చే ఆటిజం బాబుకి అమెరికాలో ఇంటర్న్‌షిప్ దొరుకుతుందా?

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. మావారికి హెచ్-1బి మీద డాలస్‌లో ఉద్యోగం వచ్చింది. జూన్‌లో బయల్దేరుతున్నాం. బాబుకి పదిహేడేళ్లు, ఆటిజం. ఓపెన్ స్కూల్లో టెన్త్ పాసయ్యాడు. చదవడం, రాయడం వచ్చు గానీ కొత్త చోటికి వెళ్తే బెంబేలెత్తిపోతాడు. అక్కడ ఇలాంటి పిల్లల్ని ఆసుపత్రుల్లో, ఆఫీసుల్లో ఇంటర్న్‌షిప్‌కి తీసుకుని ఉద్యోగం కూడా ఇస్తారని విన్నాం. నిజమేనా? ఇక్కణ్ణుంచి ఏమేం తీసుకెళ్లాలి?

జవాబు: నిజమే. కాకపోతే ఆ మాట చెప్పినవాళ్లకి గ్రీన్‌కార్డు ఉండి ఉంటుంది. మీ విషయంలో ముందు వీసా లెక్క చూసుకోవాలి.

హెచ్-1బి వాళ్ల కుటుంబానికి ఇచ్చే వీసా హెచ్-4. దానిమీద ఉన్న పిల్లలకి పనిచేసే అనుమతి ఉండదు. 2015లో మొదలైన హెచ్-4 ఈఏడీ, అంటే పనిచేసే అనుమతి కార్డు, భార్యకో భర్తకో మాత్రమే, పిల్లలకి కాదు. అనుమతి లేదు కాబట్టి సోషల్ సెక్యూరిటీ నంబరూ రాదు. ఇరవై ఒకటి నిండితే హెచ్-4 కూడా ఆగిపోతుంది. ఆలోపు గ్రీన్‌కార్డు లైన్లో మీవారి వంతు (ప్రయారిటీ డేట్) వచ్చి, బాబు పేరు మీద కూడా గ్రీన్‌కార్డు దరఖాస్తు ఐ-485 వేయగలిగితే, దాంతోపాటు ఈఏడీకి అప్లై చేయొచ్చు. ఇండియా లైన్ ఎంత పొడవో మీకు తెలియనిది కాదు. కాబట్టి ఇరవై ఒకటిలోపు జీతం వచ్చే ఉద్యోగం అన్న ఆశ పక్కన పెట్టి, ఈలోపు పని నేర్పించుకోవడం మీద దృష్టి పెట్టండి. ఆ నేర్పు ఏ దేశంలోనైనా పనికొస్తుంది.

పని నేర్పేది పబ్లిక్ స్కూలే. అక్కడ వీసా అడగరు. 1982లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు అలాంటిది. టెక్సస్‌లో స్పెషల్ ఎడ్యుకేషన్ పిల్లలు సెప్టెంబరు 1 నాటికి ఇరవై రెండు నిండకపోతే ఆ విద్యాసంవత్సరం చివరిదాకా ఉచితంగా చదవొచ్చు. మనవాళ్లు చాలామంది చేజార్చుకునేది ఇక్కడే. పద్దెనిమిదికల్లా పిల్లాడి చేతికి డిప్లొమా రావాలని తొందరపడతారు. మామూలు హైస్కూల్ డిప్లొమా తీసుకుంటే ఆ రోజుతో ఉచిత సేవలన్నీ అయిపోతాయి. క్రెడిట్లు పూర్తయినా డిప్లొమా తీసుకోకుండా, 18 ప్లస్ అని పిలిచే తరగతుల్లో కొనసాగే దారి ఉందేమో స్కూలువాళ్లు పెట్టే మీటింగులో అడగండి. ఇంటర్న్‌షిప్‌లు, బస్సు ప్రయాణం, డబ్బు లెక్కలు నేర్పేది ఆ తరగతుల్లోనే. మీరు ఇక్కడ హడావుడిగా ఓపెన్ ఇంటర్ కట్టించే ఆలోచనలో ఉంటే ఆగండి. ఇంటర్ పాసైతే హైస్కూల్ అయిపోయినట్టేనని కొన్ని స్కూల్ డిస్ట్రిక్టులు పేచీ పెట్టవచ్చు.

దిగిన వారంలోనే స్కూలుకి ఈమెయిల్ రాయండి: మా అబ్బాయికి స్పెషల్ ఎడ్యుకేషన్ ఇవాల్యుయేషన్ కావాలని, తేదీతో సహా. నోటిమాటగా చెప్తే లెక్కలోకి రాదు. టెక్సస్‌లో రాతపూర్వకంగా అడిగితే 15 స్కూలు రోజుల్లో జవాబివ్వాలి. పరీక్షలకి ఒప్పుకుంటూ మీరు సంతకం పెట్టాక 45 స్కూలు రోజుల్లో రిపోర్టు రావాలి, ఆపైన 30 రోజుల్లో మీటింగ్. బాబుకి ఏమేం నేర్పాలో ప్రణాళిక రాసే ఈ మీటింగ్‌ని మిగతా రాష్ట్రాలవాళ్లు ఐఈపీ మీటింగ్ అంటారు, టెక్సస్‌లో ఆర్డ్ అంటారు. ఇంగ్లిష్‌లో ఇబ్బంది ఉంటే తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని పెట్టమని ముందే అడగండి, అది మీ హక్కు. ఎండాకాలం సెలవుల్లో స్కూలు రోజులు లెక్కకి రావు. మీరు జూన్‌లో దిగుతున్నారు కాబట్టి అసలు పని ఆగస్టులోనే కదులుతుంది.

యూడీఐడీ (వికలాంగుల గుర్తింపు) కార్డు, సదరం వైకల్య సర్టిఫికెట్ తీసుకెళ్లండి, కానీ వాటిమీద ఏదీ మంజూరు కాదు. మన దగ్గర అంతా శాతాల్లో నడుస్తుంది, నలభై దాటిందా లేదా అని. అక్కడ శాతం అడగరు. ఏం చేయగలడు, ఎక్కడ ఆగిపోతాడు, ఎలాంటి సాయం చేస్తే ముందుకెళ్తాడు అని అడుగుతారు. కాబట్టి బోయిన్‌పల్లి మనోవికాస్‌నగర్‌లోని కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐఈపీఐడీలో గానీ, మీరు చూపిస్తున్న సైకాలజిస్టు దగ్గర గానీ ఆ తీరులో వివరంగా రిపోర్టు రాయించుకోండి. థెరపీ నోట్సు, మార్కుల మెమోలు, టీకాల రికార్డు కూడా పెట్టుకోండి. స్కూలు ఎలాగూ సొంతంగా పరీక్షలు చేస్తుంది. ఈ కాగితాలుంటే వాళ్లు మొదట్నుంచీ మొదలుపెట్టాల్సిన పని తప్పుతుంది.

ఆర్డ్ కాగితాల్లో ట్రాన్సిషన్, అంటే స్కూలు తర్వాతి జీవితానికి సిద్ధం చేసే భాగం ఉంటుంది. అమెరికా చట్టం ప్రకారం పదహారేళ్లకి, టెక్సస్‌లో పద్నాలుగుకే ఇది మొదలవాలి. అందులో ‘ఉద్యోగం చేస్తాడు’ అన్న ఒక్క వాక్యం రాస్తే సంతకం పెట్టకండి. ఏ రకం పని, వారానికి ఎన్ని గంటలు, పక్కనుండి పని నేర్పే కోచ్ ఎన్నాళ్లు, ఎవరు తీసుకెళ్తారు, ఇవన్నీ రాయించండి. స్కూలు ద్వారా జీతం లేకుండా చేసే పనికి కార్మిక శాఖ పెట్టిన హద్దు ఉంది. ఏడాదిలో ఒక్కో పనికి పరిచయం కోసం 5 గంటలు, సామర్థ్యం చూడ్డానికి 90, శిక్షణకి 120. దాటిస్తే అది శిక్షణ కాదు, జీతం ఇవ్వాల్సిన ఉద్యోగం అని అనుమానం వస్తుంది. హెచ్-4 వాళ్లకి అది మరీ ప్రమాదం. ఏ కంపెనీలోనైనా అడుగుపెట్టే ముందు ఆ కాగితాన్ని ఇమ్మిగ్రేషన్ లాయరుకి చూపించి, అభిప్రాయం రాతలో తీసుకోండి.

మీరు విన్న ఆసుపత్రి ఇంటర్న్‌షిప్ బహుశా ప్రాజెక్ట్ సెర్చ్ అయి ఉంటుంది. 1996లో సిన్సినాటి పిల్లల ఆసుపత్రిలో మొదలైంది. హైస్కూల్ ఆఖరి ఏడాది మొత్తం విద్యార్థి ఆసుపత్రిలోనే గడుపుతాడు. రోజూ కాసేపు క్లాసు, మిగతా సమయం వార్డుల్లో, స్టోర్లో, వంటశాలలో. పదీ పన్నెండు వారాలకొకటి చొప్పున మూడు విభాగాలు మారతాడు. సీట్లు తక్కువ, ఇంటర్వ్యూ ఉంటుంది, ఏడాది ముందే అప్లై చేయాలి. ఉద్యోగంలో చేరే అర్హత అడిగే చోట్ల హెచ్-4 అడ్డం వస్తుంది. వొకేషనల్ రిహాబిలిటేషన్ అనే ప్రభుత్వ శాఖ ఉద్యోగ సేవలూ అంతే. ఈఏడీ చేతికొచ్చాకే ముందుకు సాగుతాయి.

పని నేర్పే తీరు ఒకటి చూడండి. స్టోర్‌రూమ్‌లో అర మీద ‘కట్టు గుడ్డ ప్యాకెట్లు 12’ అని రాసి ఉంటుంది. బాబు ఉన్నవి లెక్కపెట్టాలి, పన్నెండులోంచి తీసేయాలి, ఆ సంఖ్య కాగితం మీద వేయాలి, అన్ని తెచ్చి సర్దాలి, పాతవి ముందుకి జరపాలి. ఐదు మెట్లు. ఒక్కోదానికి ఒక ఫొటో కార్డు. కోచ్ మొదటివారం చేసి చూపిస్తాడు, రెండోవారం కార్డు చూపించి ఊరుకుంటాడు, తర్వాత అడుగు దూరం, ఆపైన గది బయట. చెడేది ఎక్కడంటే, పని ఆలస్యమవుతోందని కోచే సర్దేస్తాడు. అప్పుడు రిపోర్టులో పని అయినట్టు కనిపిస్తుంది, పిల్లాడికి రాదు. కోచ్ ఎంత దూరం జరిగాడో నెలనెలా అడిగి తెలుసుకోండి.

ఇంకో రకంగా చెడగొట్టేది మనమే. అమ్మ రోజూ సూపర్‌వైజర్‌కి ఫోన్ చేసి ‘తిన్నాడా’ అని అడిగితే రెండో వారానికి వాళ్లకి విసుగొస్తుంది. మీరు మాట్లాడాల్సింది టీచరుతో. పద్దెనిమిది నిండాక సంతకాల హక్కు కూడా బాబుదే అవుతుంది. కోర్టుకెళ్లి బాబు తరఫున నిర్ణయాలు తీసుకునే హక్కు (గార్డియన్‌షిప్) తెచ్చుకునే ముందు, టెక్సస్‌లో 2015 నుంచి ఉన్న సపోర్టెడ్ డెసిషన్ మేకింగ్ ఒప్పందం, అంటే నిర్ణయం బాబుదే, సాయం మీది అనే ఏర్పాటు, సరిపోతుందేమో చూడండి.

తెలిసినవాళ్ల కన్సల్టెన్సీలోనో గ్యాస్ స్టేషన్‌లోనో ‘ఊరికే కూర్చోబెడదాం’ అని ఎవరైనా అంటే మర్యాదగా వద్దనండి. జీతం ఇవ్వకపోయినా లాభాపేక్ష ఉన్న వ్యాపారంలో పనిచేస్తే హెచ్-4కి చిక్కు రావచ్చు. పైగా అక్కడ నేర్పేవాళ్లూ ఉండరు. ఫుడ్ బ్యాంకులాంటి చారిటీలో, అందరూ ఉచితంగా చేసే సేవ అయితే వేరే మాట. ఇక అక్క సంబంధాలకి అడ్డమని బాబు సంగతి దాచేవాళ్లున్నారు. దాస్తే కోచ్ రాడు, ఫొటో కార్డులు రావు, అంతే.

ఇల్లు ఎక్కడ తీసుకుంటారనేదీ ఇందులో భాగమే. మనవాళ్లు ఎగబడే డాలస్ శివారు ఫ్రిస్కోలో డాలస్ సిటీ బస్సు (డార్ట్) లేదు. వికలాంగుల కోసం ఇంటికొచ్చే బండి చట్టం ప్రకారం మామూలు బస్సు రూటుకి ముప్పావు మైలు లోపే తప్పనిసరి. స్కూల్ రేటింగ్ ఒక్కటే చూసి లీజు రాసుకోకండి.

జూన్ దాకా చేయాల్సినవి: వారానికి మూడు రోజులు మియాపూర్ మెట్రో ఎక్కించి అమీర్‌పేటలో రైలు మారి రాయదుర్గం దాకా తీసుకెళ్లండి. మొదట పక్కన, తర్వాత పక్క పెట్టెలో, తర్వాత మీరు స్టేషన్ బయట. అన్నం తనే కలుపుకోవాలి, డబ్బా తనే కట్టుకోవాలి. ‘కెన్ యూ షో మీ వన్స్ మోర్?’ అన్న మాట నోటికి రావాలి. పని అర్థంకాక నిలబడిపోయినవాణ్ణి బద్ధకస్తుడనుకుంటారు. ఈ ఒక్క మాట అడిగితే చాలు, దగ్గరుండి చూపిస్తారు.

ఇంగ్లండ్ ఆఫర్ కూడా చేతిలో ఉంటే అదీ తూకం వేయండి. స్కిల్డ్ వర్కర్ డిపెండెంట్లకి అక్కడ పనిచేసే అనుమతి ఉంటుంది. ఈహెచ్‌సీపీ (ప్రత్యేక అవసరాలున్నవాళ్ల చదువు, ఆరోగ్య, సంరక్షణ ప్రణాళిక) ఉన్న 16-24 ఏళ్లవాళ్లకి కనీసం ఆరు నెలల సపోర్టెడ్ ఇంటర్న్‌షిప్‌లు నడుస్తాయి. ఆ ఈహెచ్‌సీపీ రావడానికి 20 వారాల గడువుంది. కాకపోతే డిపెండెంట్‌గా మొదటిసారి అప్లై చేసేనాటికి బాబుకి పద్దెనిమిది నిండకూడదు. పుట్టినరోజు ఏ నెలలోనో ఆ లెక్క ఈ రాత్రే వేసుకోండి.