రొసేసియాకు కొత్త లోషన్: గుణాన్ని అంచనా వేయడం ఎలా?

ప్రశ్న: బుగ్గలూ ముక్కూ ఎర్రబడి మండుతుంటే డాక్టరుగారు రొసేసియా అన్నారు. ఇటీవల ఒక కొత్త లోషన్ రాసిన గంటలోపే ఎరుపు బాగా తగ్గింది. దీన్ని కొనసాగించవచ్చా?

జవాబు: అంత త్వరగా తగ్గడమే కాస్త అనుమానించదగిన విషయం. రొసేసియాకు వాడే అజెలాయిక్ ఆమ్లం, మెట్రోనిడజోల్, ఐవర్‌మెక్టిన్ వంటి మందులకు గుణం కనిపించడానికి వారాలు పడుతుంది. గంటలోపే ఎరుపు తగ్గిందంటే, ఆ లోషన్‌లో రక్తనాళాలను తాత్కాలికంగా కుదించే బ్రిమోనిడిన్ వంటి మందో, స్టెరాయిడో ఉండవచ్చు. లేదా ఎరుపును కప్పిపుచ్చే ఆకుపచ్చ రంగు మాత్రమే ఉండవచ్చు. బ్రిమోనిడిన్ ప్రభావం తగ్గాక కొందరిలో ఎరుపు మునుపటికంటే ఎక్కువగా తిరిగివస్తుంది. స్టెరాయిడ్ అయితే మొదట హాయినిచ్చి, క్రమంగా రొసేసియానే ముదరబెడుతుంది. కాబట్టి ముందుగా సీసాపై ఉన్న పదార్థాల జాబితాను డాక్టరుకు చూపించండి. జాబితాయే లేని లోషన్‌ను ముఖానికి రాయకపోవడమే మంచిది.

డాక్టరు అభ్యంతరం లేదంటే, మిగతా క్రీములేవీ మార్చకుండా, ఇదొక్కటే కొత్తగా చేర్చి 8 నుంచి 12 వారాలు వాడుతూ, వారానికోసారి ఒకే వెలుతురులో, ఒకే సమయంలో ఫొటో తీసుకోండి. రొసేసియా దానంతట అదే హెచ్చుతగ్గులకు లోనవుతుంది గనుక ఒక మంచి రోజును బట్టి తీర్పు చెప్పలేం. ఎండ, వేడి పానీయాలు, మద్యం, మానసిక ఒత్తిడి ఎదురైన రోజులనూ రాసిపెట్టుకోండి. మంట పెరిగితే ఆపేయండి. కళ్లు ఎర్రబడి గరగరలాడుతుంటే మాత్రం లోషన్ సంగతి పక్కనపెట్టి కంటి వైద్యుణ్ణి కలవండి.