టెక్ సందేహాలు: పెళ్లి డీవీడీలు సర్వర్‌లోకి ఎక్కాక ఎందుకు మొరాయిస్తున్నాయి?

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే బాధ. ఇంట్లో బీరువాలో ఉన్న పెళ్లి డీవీడీలు, వీసీడీలు కంప్యూటర్‌లోకి తీసి దాచిన వీడియోలను టీవీకి పంపే జెల్లీఫిన్ లాంటి హోమ్ సర్వర్‌లో పెట్టారు, అక్కడ అవి సరిగా ఆడటం లేదు. జవాబులకు ముందు ఒక్క మాట. ఫైల్ తేడాగా ఉందని కనిపించగానే కన్వర్టర్‌లో వేసి కొత్త ఫైల్ చేయకండి. తప్పు డిస్క్ చదవడంలో జరిగిందా, ఫైల్ కట్టుబడిలో ఉందా, సర్వర్‌దా అన్నది తేలకుండా కన్వర్ట్ చేస్తే ఆ తప్పు కొత్త ఫైల్‌లో శాశ్వతంగా అచ్చుపడిపోతుంది. డిస్క్ నుంచి తీసిన మొదటి కాపీని ముట్టుకోకుండా పక్కన దాచండి. చెప్పే ప్రయోగాలన్నీ దాని నకలు మీదే చేయండి.

ప్రశ్న: మా పెళ్లి డీవీడీలోని వీఓబీ ఫైళ్లను కాపీ చేసి, ఒకటిగా అతికించి సర్వర్‌లో పెట్టాను. రెండున్నర గంటల వీడియోకి 22 నిమిషాలే చూపిస్తోంది. ముందుకు జరిపితే ఆగిపోతోంది. వీఎల్‌సీలో మాత్రం మొదటి నుంచి చివరిదాకా బాగానే ఆడుతోంది. (కాకినాడ)

మీ వీడియో ఎక్కడికీ పోలేదు, దాని గడియారం చెదిరింది. డీవీడీలో పెద్ద వీడియోను ఒక్కోటి 1 జీబీకి మించని వీఓబీ ముక్కలుగా కోసి పెడతారు. ప్రతి దృశ్యానికీ, శబ్దానికీ లోపల ఒక టైమ్‌స్టాంప్ ఉంటుంది. స్టూడియో వాళ్లు స్నాతకం, పెళ్లి, అప్పగింతలు అంటూ విడివిడిగా ఎడిట్ చేసి డిస్క్ మీదకు ఎక్కించినప్పుడు, ఒక్కో భాగం దగ్గర ఆ గడియారం మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. ఏ భాగం తర్వాత ఏది రావాలో చెప్పే పటం పక్కనే ఉండే ఐఎఫ్ఓ ఫైళ్లలో ఉంటుంది. మీరు వీఓబీలు తెచ్చుకుని పటాన్ని డిస్క్‌లోనే వదిలేశారు. సర్వర్ ఫైల్ మొదట్లో ఒక టైమ్‌స్టాంప్, చివర్లో ఒకటి చూసి నిడివి లెక్కకడుతుంది. చివరి భాగం గడియారం 22 నిమిషాల దగ్గర ఆగితే దానికి అదే నిడివి. వీఎల్‌సీ వచ్చిన డేటాను వచ్చినట్టు వరసగా ఆడిస్తుంది కాబట్టి దానికి పట్టింపు లేదు.

అతికించిన ఫైల్‌ను బాగుచేయడానికి తంటాలు పడకండి, డిస్క్ దగ్గరికే వెళ్లండి. మేక్‌ఎంకేవీ అనే సాఫ్ట్‌వేర్‌లో డిస్క్ తెరవండి. వీడియో_టీఎస్ ఫోల్డర్ మొత్తం ఇప్పటికే కాపీ చేసి ఉంటే, అందులోని వీడియో_టీఎస్ డాట్ ఐఎఫ్ఓ ఫైల్‌ను తెరిచినా చాలు. నిడివి, సైజు, చాప్టర్ల సంఖ్యతో టైటిళ్ల జాబితా వస్తుంది. ఇక్కడే చాలామంది దెబ్బతినే చోటు ఒకటుంది. ఈ సాఫ్ట్‌వేర్ మామూలుగా 120 సెకన్ల కన్నా చిన్న టైటిళ్లను జాబితాలోంచి తీసేస్తుంది. ఒకటిన్నర నిమిషం హారతి క్లిప్ వేరే టైటిల్‌గా ఉంటే అది కనిపించదు, మీరు లేదనుకుంటారు. ప్రిఫరెన్సెస్‌లో వీడియో విభాగంలోకి వెళ్లి కనీస నిడివిని 10 సెకన్లకు తగ్గించి మళ్లీ తెరవండి. అన్నీ కలిపిన ఒక పెద్ద టైటిల్, అవే విడివిడిగా చిన్నవి ఉన్నట్టు నిడివుల బట్టి తెలిస్తే పెద్దది ఒక్కటే తీసుకోండి.

ఇందులో బొమ్మ నాణ్యత ఏమీ తగ్గదు. డిస్క్‌లోని ఎంపెగ్-2 వీడియో అలాగే ఎంకేవీ పెట్టెలోకి మారుతుంది, టైమ్‌స్టాంప్‌లు మాత్రం వరసలో పడతాయి. అయ్యాక, ఫైల్ వివరాలు చూపే మీడియాఇన్ఫోలో నిడివి సరిచూసి, సర్వర్‌లో పాతది తీసేసి లైబ్రరీని మళ్లీ స్కాన్ చేయించండి. ఈ వీడియోలకు సినిమాల లైబ్రరీ కాకుండా ‘హోమ్ వీడియోస్ అండ్ ఫొటోస్’ రకం లైబ్రరీ పెట్టండి. లేకపోతే పేరు కలిసిన ఏదో సినిమా పోస్టర్ తెచ్చి మీ పెళ్లికి అంటిస్తుంది.

ప్రశ్న: మాట ముందు, పెదవులు తర్వాత కదులుతున్నాయి. ఒక డిస్క్‌లో మొదటి నుంచీ అంతే, ఇంకోదాంట్లో సగం నుంచి మొదలైంది. (కరీంనగర్)

ఈ రెండూ వేర్వేరు జబ్బులు, మందులు కూడా వేరు. ముందు కొలవండి. పెళ్లి వీడియోల్లో సగం సేపు సినిమా పాటలే అతికించి ఉంటాయి, వాటి మీద శబ్దం కలిసిందో లేదో తెలియదు. పురోహితుడి మంత్రాలో, డోలు మీద దెబ్బ పడటమో నేరుగా వినిపించే చోట్లు మూడు వెతకండి: మొదట్లో ఒకటి, మధ్యలో ఒకటి, చివర్లో ఒకటి. విండోస్, లినక్స్‌లలో వీఎల్‌సీ వాడుతుంటే జె నొక్కితే శబ్దం 50 మిల్లీసెకన్లు ముందుకొస్తుంది, కె నొక్కితే అంతే వెనక్కి వెళ్తుంది. మూడు చోట్లా ఎంత కావాల్సి వచ్చిందో రాసుకోండి.

మూడు చోట్లా ఒకే అంకె వస్తే పని తేలిక. ఎంకేవీ ఫైళ్లను కట్టే ఎంకేవీటూల్‌నిక్స్‌లో ఫైల్ వేసి, ఆడియో ట్రాక్ ఎంచుకుని, కుడివైపున ‘డిలే’ గడిలో ఆ అంకె రాయండి. శబ్దం ముందే వస్తోంది కాబట్టి మీకు 400 లాంటి ధన సంఖ్య వస్తుంది. శబ్దం వెనకపడే వాళ్లు మైనస్ పెట్టాలి. పోను పోను తేడా పెరుగుతుంటే ‘స్ట్రెచ్ బై’ గడి ఉంది. మొదట్లో కలిసి ఉండి, సరిగ్గా గంట దగ్గర శబ్దం 3 సెకన్లు వెనకపడితే అక్కడ 3600/3603 అని రాయండి. 3603వ సెకనులో వినిపించేది 3600కు వచ్చి కూర్చుంటుంది. రెండింటిలోనూ బొమ్మను, శబ్దాన్ని మళ్లీ ఎన్‌కోడ్ చేయడం లేదు.

మీ రెండో డిస్క్ సంగతి వేరు. ఒక చోటి దాకా సరిగా ఉండి, అక్కడి నుంచి ఒక్కసారిగా తప్పిందంటే, అక్కడ డిస్క్ చదవలేక కొంత డేటా జారిపోయింది. ఏ అంకె పెట్టినా ఒక సగం కుదిరితే ఇంకో సగం చెడుతుంది. తప్పిన చోట బొమ్మ గళ్లు గళ్లుగా విరిగితే అనుమానమే అక్కర్లేదు. డీవీడీలో తప్పులు దిద్దే లెక్క 16 సెక్టార్లకు (సెక్టార్ అంటే డిస్క్ మీది 2048 బైట్ల గడి), అంటే 32 కేబీకి ఒకటిగా ఉంటుంది. గీత లోతుగా ఉండి దిద్దడం కుదరకపోతే ఆ 32 కేబీ మొత్తం పోతుంది. పోయింది కాస్తే అయినా, ఎంపెగ్-2లో ఒక పూర్తి బొమ్మను ఆధారం చేసుకుని దాని తర్వాతి బొమ్మలు నిలబడతాయి. పాల్ (మన దేశపు టీవీ పద్ధతి) డిస్క్‌లో అలాంటి గుంపుకు 15 ఫ్రేముల దాకా ఉంటాయి, అందుకే ఒక చిన్న గీతకు అర సెకను పైగా బొమ్మ చెదరవచ్చు.

డిస్క్‌ను మెత్తటి బట్టతో మధ్య నుంచి అంచు వైపు నిటారుగా తుడవండి, గుండ్రంగా తిప్పకండి. తర్వాత లినక్స్‌లో, చెడిన డిస్క్‌ల నుంచి డేటా రాబట్టే డీడీరెస్క్యూతో డిస్క్ మొత్తాన్ని ఐఎస్ఓ ఇమేజ్‌గా, అంటే డిస్క్‌కు అచ్చు నకలైన ఒకే ఫైల్‌గా తీయండి. ఉబుంటులో దీని ప్యాకేజీ పేరు జీడీడీరెస్క్యూ. సెక్టార్ సైజు 2048 అని, ఏ సెక్టార్లు చదివిందో ఏవి మిగిలాయో రాసుకునే మ్యాప్ ఫైల్ పేరు తప్పకుండా ఇవ్వండి. మొదటి విడత చెడిన చోట్ల ఆగి గీకకుండా దాటిపోయే ‘నో స్క్రేప్’ ఆప్షన్‌తో నడపండి, బాగున్న భాగమంతా ముందు చేతికొస్తుంది. రెండో విడత అదే ఇమేజ్, అదే మ్యాప్ ఇచ్చి, డైరెక్ట్ రీడ్‌తో మూడు సార్లు ప్రయత్నించమనండి. అప్పటికీ ఖాళీలు మిగిలితే డ్రైవ్ మార్చండి. ఒక డ్రైవ్ చదవలేనిది ఇంకోటి చదవడం చాలా మామూలు.

డిస్క్ ఇక లొంగదనిపించినా ఇంకో దారి ఉంది. పెళ్లి డీవీడీలు సాధారణంగా రెండు మూడు కాపీలు ఇస్తారు, ఒకటి వియ్యాలవారింట్లోనో పెద్దమ్మ వాళ్లింట్లోనో ఉంటుంది. ఆ డిస్క్ తెచ్చి, అందులోని ప్రతి వీఓబీ సైజు మీ డిస్క్‌తో బైట్లతో సహా కలిసిందేమో చూడండి. కలిస్తే ఒకే మూలం నుంచి బర్న్ చేసినవని దాదాపు నమ్మవచ్చు. మీ ఇమేజ్‌కు, మ్యాప్‌కు నకలు తీసుకుని, రెండో డిస్క్ పెట్టి డీడీరెస్క్యూను అదే మ్యాప్‌తో నడపండి. మొదటి డిస్క్‌లో పోయిన సెక్టార్లను మాత్రమే దీంట్లోంచి తెచ్చి నింపుతుంది. రెండు డిస్క్‌లకు గీతలు ఒకే చోట పడటం అరుదు. పూర్తయిన ఐఎస్ఓను మేక్‌ఎంకేవీలో తెరిచి ఎంకేవీ చేసుకోండి.

ఈ పని వాయిదా వేయకండి. స్టూడియోలో బర్న్ చేసిన డిస్క్‌లలో సమాచారం రంగు పొర మీద ఉంటుంది, ఎండకూ వేడికీ అది చెడిపోతుంది. గీత ఒక్కటి లేకపోయినా చదవలేని డిస్క్‌లు ఉంటాయి.

ప్రశ్న: తలంబ్రాలు పోసే చోట చేతుల చుట్టూ దువ్వెన పళ్లలా అడ్డగీతలు. రిప్ (డిస్క్ నుంచి తీసిన కాపీ) చెడిందా? సైజు తగ్గిద్దామని హెచ్ఈవీసీ అనే కొత్త కుదింపు పద్ధతిలోకి మార్చిన ఇంకో వీడియో పాత టీవీలో అసలు కదలడం లేదు. (విజయవాడ)

రిప్ బాగానే ఉంది. పాల్ వీడియోలో సెకనుకు 25 ఫ్రేములే అయినా ఒక్కో ఫ్రేములో రెండు అర బొమ్మలుంటాయి: సరి గీతలొకటి, బేసి గీతలొకటి, సెకనులో యాభయ్యో వంతు తేడాతో తీసినవి. చెయ్యి వేగంగా కదిలితే రెండూ కలవక పళ్లు కనిపిస్తాయి. జెల్లీఫిన్ తానే ట్రాన్స్‌కోడ్ చేసినప్పుడు, అంటే ఆడిస్తూనే వేరే రూపంలోకి మార్చి పంపినప్పుడు, దీన్ని సరిచేస్తుంది. టీవీకి ఫైల్‌ను నేరుగా పంపితే ఆ భారం టీవీ యాప్ మీద పడుతుంది, అన్ని యాప్‌లూ ఆ పని చేయవు.

సర్వర్ కోసం ఒక నకలు హ్యాండ్‌బ్రేక్ అనే కన్వర్టర్‌లో చేసుకోండి. ఫిల్టర్స్‌లో డీఇంటర్లేస్‌కు (ఆ పళ్లు పోగొట్టే పని) బీడబ్ల్యూడిఫ్ లేదా యాడిఫ్ ఎంచుకుని, ప్రీసెట్ ‘బాబ్’ పెట్టి, ఫ్రేమ్ రేట్ 50 ఇవ్వండి. అర బొమ్మలు రెండూ నిండు ఫ్రేములై కదలిక నున్నగా వస్తుంది. వీడియో హెచ్.264, 8 బిట్, నాణ్యతను చెప్పే ఆర్ఎఫ్ 20. శబ్దం ఏఏసీ. పాత టీవీలకు ఇదే క్షేమం. మీ టీవీలో హెచ్ఈవీసీ డీకోడర్ లేకపోయి ఉంటుంది. ఆడుతుండగా ప్లేయర్ సెట్టింగ్స్‌లో ప్లేబ్యాక్ సమాచారం తెరిస్తే డైరెక్ట్ ప్లేనా, ట్రాన్స్‌కోడింగా, ఎందుకన్నది కూడా రాసి ఉంటుంది.

బొమ్మ కుదుపుతో ముందుకూ వెనక్కూ ఊగినట్టుంటే అర బొమ్మల వరస తిరగబడిందన్నమాట. మినీడీవీ క్యాసెట్ కెమెరాల్లో కింది గీతలు ముందు వస్తాయి, చాలా డీవీడీల్లో పై గీతలు ముందు. ఎడిటింగ్‌లో అది తప్పుగా నమోదైతే ఇలా అవుతుంది. అప్పుడు డీఇంటర్లేస్‌లో వరసను చేత్తో మార్చాలి.

డీఇంటర్లేస్ చేయకుండానే 720పికి సాగదీసి పెట్టుకున్న వాళ్లూ రాశారు. ఆ ఫైల్‌లో పళ్లు మందపాటి పట్టీలై బొమ్మలో కలిసిపోయాయి, ఇక విడదీయలేం. డిస్క్ నుంచి మళ్లీ తీయాల్సిందే.

ప్రశ్న: వీసీడీలోంచి కాపీ చేసిన డాట్ డీఏటీ ఫైల్ సర్వర్‌లో కనిపించడమే లేదు. (డాలస్)

ఆ ఎక్స్‌టెన్షన్‌ను సర్వర్ వీడియోగా గుర్తించదు. లోపల ఉన్నది మామూలు ఎంపెగ్-1 వీడియోనే, దాని చుట్టూ సీడీ సెక్టార్ల తొడుగు ఉంది. వీసీడీగేర్‌తో ఆ తొడుగు తీసి ఎంపీజీగా మార్చండి, తర్వాత ఎంకేవీటూల్‌నిక్స్‌లో ఎంకేవీ చేయండి. వీసీడీలో డేటా సెక్టార్లకు ఉండే అదనపు తప్పుదిద్దే ఏర్పాటు వీడియో సెక్టార్లకు ఉండదు. ఆ చోటును కూడా వీడియోకే వాడేశారు, అందుకే గీతలు దీన్ని ఎక్కువ ఇబ్బంది పెడతాయి. పాల్ వీసీడీ బొమ్మ 352x288 మాత్రమే. దాన్ని పెద్దది చేసి దాచుకుంటే సైజు పెరుగుతుంది తప్ప వివరం రాదు, పెద్దది చేసే పని టీవీకి వదిలేయండి.

ప్రశ్న: పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన ఎంపీ4 ఫైల్ ఎక్కడా తెరుచుకోవడం లేదు. సర్వర్ లాగ్‌లో ‘మూవ్ ఆటమ్ నాట్ ఫౌండ్’ అని ఉంది. (నల్గొండ)

ఫైల్ సైజు చూడండి. 4 జీబీ దగ్గర ఆగిందంటే పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఉంది, అంతకు మించిన ఫైల్ అందులో పట్టదు. ఎంపీ4కు విషయసూచిక లాంటి భాగం, లాగ్ చెప్పిన ‘మూవ్ ఆటమ్’, తరచుగా చివర్లో ఉంటుంది, కాపీ మధ్యలో తెగితే పోయేది అదే. అసలు ఫైల్ ఉన్న కంప్యూటర్‌లో సైజు సరిచూసి, పెన్‌డ్రైవ్‌ను ఎక్స్‌ఫ్యాట్‌కు ఫార్మాట్ చేసి మళ్లీ తెచ్చుకోండి. ఫార్మాట్ చేస్తే అందులో ఉన్నదంతా పోతుంది, ముందు ఖాళీ చేసుకోండి. అసలు ఫైల్ ఇక లేదు, అది కెమెరాలోనో ఫోన్‌లోనో తీసిందే అయితే, అదే పరికరంతో అవే సెట్టింగ్స్‌లో తీసిన మంచి వీడియో ఒకటి సంపాదించండి. అన్‌ట్రంక్ అనే సాధనం దాన్ని నమూనాగా పెట్టుకుని, తెగిన ఫైల్‌లో మిగిలినంత మేరకు విషయసూచికను మళ్లీ కట్టడానికి ప్రయత్నిస్తుంది.