రాత్రి ఫోన్లో సీరియల్ చూసి లేస్తే ఒక కన్ను కనపడలేదు డాక్టర్ గారూ!

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. తిరుపతి రైల్వేస్టేషన్ దగ్గర ఒక లాడ్జి రిసెప్షన్‌లో పని చేస్తాను. డ్యూటీ మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 10 వరకు. నేను చూసే మూడు సీరియల్స్ సరిగ్గా ఆ టైంలోనే వస్తాయి. బ్రహ్మోత్సవాల రద్దీలో రెండు వారాలు ఒక్క ఎపిసోడ్ కూడా చూడలేదు. ఇప్పుడు రోజూ ఇంటికొచ్చి తిని, అందరూ పడుకున్నాక లైటు ఆపేసి, ఎడమ వైపు తిరిగి పడుకుని ఫోన్లో ఒకటిన్నర దాకా చూస్తున్నాను. మళ్లీ ఐదున్నరకే లేవాలి. కళ్లలో ఇసుక పడ్డట్టు మంట, నీళ్లు కారడం, మెడ నొప్పి. మొన్న ఫోన్ ఆపి బాత్రూంకి లేస్తే కుడి కన్ను ఏమీ కనపడలేదు, రెండు మూడు నిమిషాలకు మామూలైంది. పక్షవాతం వస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది. మందుల షాపులో చుక్కల మందు ఇచ్చారు, వేసుకుంటున్నాను.
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: ముందు ఆ కంటి భయం సంగతి చూద్దామమ్మా. ఎడమ వైపు తిరిగి పడుకుంటానన్నారు కదా, అంటే ఎడమ కన్ను దిండులో మూసుకుపోయి ఉంది, కుడి కన్ను ఒక్కటే గంటల తరబడి ఆ వెలుతురును చూస్తోంది. దిండులో ఉన్న కన్ను చీకటికి అలవాటు పడిపోయింది, ఫోన్ చూసిన కన్నేమో వెలుతురుకు అలవాటు పడింది. లైటు లేని గదిలో ఫోన్ ఆపి లేచేసరికి ఎడమ కంటికి తలుపు, మంచం మసగ్గా కనిపిస్తాయి, కుడి కంటికి అంతా నలుపే. ఎండలోంచి సినిమా హాల్లోకి వెళ్తే సీటు వెతుక్కోవడానికి తడుముకుంటాం చూడండి, అదే ఇది, కాకపోతే ఒక్క కంటికే జరిగింది కాబట్టి గుండె ఆగినంత పనైంది. 2016లో లండన్ డాక్టర్లు సరిగ్గా ఇలాగే పడుకుని ఫోన్ చూసే ఇద్దరు ఆడవాళ్ల గురించి ఒక పెద్ద వైద్య పత్రికలో రాశారు కూడా. మీరు రాసిన తీరు చూస్తే ఇదే అనిపిస్తోంది. అనుమానం తీరాలంటే ఒక రాత్రి కుడి వైపు తిరిగి కాసేపు చూడండి, ఈసారి ఎడమ కన్ను కనపడకపోతే విషయం తేలిపోయినట్టే. కానీ పగలో, లైటు వెలుగుతున్నప్పుడో అలా చూపు పోతే, లేదా దాంతోపాటు మూతి వంకర పోవడం, మాట తడబడటం, చెయ్యి పట్టు తప్పడం ఉంటే, చూపు తిరిగి వచ్చేసినా సరే, ఆ క్షణమే రుయాకో స్విమ్స్‌కో వెళ్లండి, తెల్లారనివ్వొద్దు.

ఇక మంట. మామూలుగా నిమిషానికి 15 సార్లయినా రెప్ప వేస్తాం. ఫోన్లో మునిగిపోతే అది సగం కూడా ఉండదు. కంటి మీద తడి ఆరిపోతుంది, ఆరిన కన్ను రేగి బుడబుడా నీళ్లు కారుస్తుంది. అందుకే నీళ్లు కారుతున్నాయంటే కన్ను పొడిగా లేదని అనుకోవద్దు. పైగా మీకు 44, చత్వారం మొదలయ్యే వయసు. ఫోన్ కాస్త దూరం పెట్టి చదవాల్సి వస్తోందా? అయితే అద్దాలు రాయించుకోవాలి. లాడ్జిలోనూ కంప్యూటరే కాబట్టి, 20 నిమిషాలకోసారి తలెత్తి గుమ్మం బయట 20 అడుగుల అవతల ఉన్నదేదైనా 20 సెకన్లు చూడండి. గెస్ట్ ఉన్నా ఫర్వాలేదు, ఏమీ అనుకోరు. మెడ నొప్పికి మాత్రం ఇప్పుడే మాత్రలు వద్దు, ఆ ఒక్క పక్కకు వాలి చూడటం మానేస్తే చాలావరకు తగ్గుతుంది.

నాకు అసలు బెంగ మీ నిద్ర గురించి. మీరు పడుకునేది నాలుగు గంటలు, పెద్దవాళ్లకు ఏడైనా కావాలి. ఇలా వారాల తరబడి నడిస్తే ఆకలి పెరుగుతుంది, షుగర్ అదుపు తప్పుతుంది, బీపీ ఎక్కుతుంది. సీరియల్ పక్కన నిప్పట్లో మురుకులో కూడా ఉంటాయేమో, మీరు రాయలేదు కానీ నాకు అనుమానమే!

సీరియల్స్ మానేయమని నేను చెప్పను. మా ఇంట్లోనూ చూస్తారు. కానీ మీరు దాన్ని బాకీ తీర్చినట్టు చూస్తున్నారు. లెక్క వేద్దాం రండి. మూడు సీరియల్స్, వారానికి ఆరు రోజులు, రెండు వారాలకు 36 ఎపిసోడ్లు. యాడ్స్ తీసేస్తే ఒక్కోటి 22 నిమిషాలనుకున్నా మొత్తం 13 గంటలు. రోజూ మూడు కొత్తవి కూడా వచ్చి పడుతుంటాయి, అంటే ఇంకో గంట పైన. రాత్రికి రెండు గంటలు చూసినా పాత బాకీ గంట కూడా తగ్గదు, ఇంకో రెండు వారాలు ఇదే జాగారం. ఒక చెంపదెబ్బకు ఇంట్లో అందరి మొహాలూ మూడేసి సార్లు చూపించడానికే సగం ఎపిసోడ్ పోతుంది కదా, పాతవాటిలో వారానికి ఒక్కటి, శనివారానిది చూడండి, కథ ఎక్కడా తెగదు.

మీకు డ్యూటీ రెండింటికి. పిల్లల బాక్సులు, వంట అయ్యాక పొద్దున పది నుంచి పన్నెండు మధ్య ఒక గంట దొరుకుతుంది కదా, అప్పుడు చూడండి. ఫోన్లో కాదు, ఇంట్లో టీవీకి కలుపుకుని, ఎనిమిదడుగుల దూరంలో గోడకు ఆనుకుని కూర్చుని, గదిలో వెలుతురు ఉండగా. ఎపిసోడ్ అవ్వగానే తర్వాతది దానంతట అదే మొదలయ్యే సెట్టింగ్ ఉంటుంది, దాన్ని ఆపేయించండి, మీ పిల్లలకు తెలుస్తుంది. రాత్రి ఫోన్ హాల్లోనే చార్జింగ్ పెట్టి రండి. మొదటి మూడు నాలుగు రోజులు పన్నెండింటి దాకా నిద్ర పట్టకపోవచ్చు, కంగారుపడి మళ్లీ ఫోన్ తెచ్చుకోవద్దు.

ఈ వారంలో కంటి డాక్టరుకు చూపించుకోండి, కంటి ప్రెషర్ కూడా చూడమనండి. పరగడుపు షుగర్, మూడు నెలల షుగర్, బీపీ చేయించండి. అన్నట్టు ఆ చుక్కల మందు డబ్బా మీద డెక్సామెథసోన్, ప్రెడ్నిసోలోన్, బీటామెథసోన్ లాంటి పేరేదైనా ఉందేమో ఇప్పుడే చూడండి. అవి స్టెరాయిడ్లు. మంట ఇట్టే తగ్గిస్తాయి కానీ, చెప్పేవాళ్లు లేకుండా వాడుతూ పోతే కంటి ప్రెషర్ పెరుగుతుంది, శుక్లం కూడా రావచ్చు. ఉంటే ఇంక వెయ్యకండి, రేపే వెళ్లి డాక్టరుకు ఆ డబ్బా చూపించి, ఎన్ని రోజులుగా వాడుతున్నారో చెప్పండి.